మురళీకాంత్ పేట్కర్: సికింద్రాబాదు నుంచి హైడెల్‌బర్గ్ దాకా



2008 ఆగస్టు 11వ తేదీన బీజింగు ఒలింపిక్సులో అభినవ్ బింద్రా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో గెలిచాడు. వ్యక్తిగత పోటీలో భారతదేశానికి అదే తొలి స్వర్ణమని మరునాడు పత్రికలన్నీ పతాకశీర్షికలు పెట్టాయి. ఒలింపిక్సు వరకు ఆ మాట అక్షరాలా నిజం. అయితే దానికి 36 ఏళ్ళ ముందే, 1972 ఆగస్టులో, జర్మనీలోని హైడెల్‌బర్గ్ పట్టణంలో జరిగిన పారాలింపిక్సులో ఒక భారతీయుడు 50 మీటర్ల ఈతపందెంలో స్వర్ణం గెలుచుకున్నాడు. ఆ మనిషికి నడుము కింద చచ్చుబడింది. వెన్నులో తూటా ఉంది. అంతకు ఏడేళ్ళ క్రితం దాకా అతడు మన సికింద్రాబాదులో, సైన్యపు ఇ.ఎం.ఇ. దళం తరఫున బరిలో దిగిన బాక్సరు. పేరు మురళీకాంత్ రాజారాం పేట్కర్.

మా జహీరాబాదు పూనా-హైదరాబాదు రహదారి మీది ఊరు. ఒకనాటి 9వ నంబరు జాతీయ రహదారి, నేటి 65. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ ఒకే అంగట్లో వినబడే చోటు గనుక పేట్కర్ వంటి ఇంటిపేరు ఇక్కడెవరికీ వింతగా తోచదు. మరాఠీవారు సొంతవూరి పేరుకు 'కర్' చేర్చి ఇంటిపేరు చేసుకుంటారు. ఈయన ఊరు సాంగ్లీ జిల్లాలోని పేఠ్. మాకు పొరుగునున్న సదాశివపేటలో, ఆవలి సిద్దిపేటలో ఉన్న 'పేట' కూడ ఆ మాటే. కాబట్టి తెలుగులో ఈయనను 'పేటవారు' అనుకుంటే తప్పులేదు. పండితుణ్ణి కదా, పదం కనబడితే పట్టుకోకుండా ఉండలేను, మన్నించాలి.

పదాల ప్రస్తావన వచ్చింది గనుక మరొకటి. తెలుగులో 'నరము' అనే మాటతో వచ్చిన చిక్కు ఇంతా అంతా కాదు. ముసలివారి చేతి మీద నీలంగా తేలేవీ నరాలే అంటాము. నిజానికి అవి రక్తం మోసే సిరలు. మడమ మెలికపడితే నరం బెణికిందంటాము. అక్కడ బాధపడేది ఎముకను ఎముకకు కట్టే బంధనం. నాడి చూడమని చేయి చాపితే వైద్యుడు చూసేది ధమని కొట్టుకోవడాన్ని. ఇన్నిటి మధ్య అసలు నరం, అనగా మెదడు ఆజ్ఞను కండకు, చర్మపు స్పర్శను మెదడుకు చేరవేసే తంతువు, పేరు పంచుకుని మరుగున పడిపోయింది. దీనివల్ల వచ్చిన నష్టం మాటకే పరిమితం కాలేదు. ఆటగాడి కాలికి దెబ్బ తగిలితే, తెగింది బంధనమా, నరమా, వెన్నుపామా అన్న విచారణ లేకుండా, అన్నిటికీ ఒకే ఓదార్పు చెప్పడం మనకు అలవాటయింది. తగ్గిపోతుందిలే, మళ్ళీ ఆడతావులే.

తగ్గేవి ఉన్నాయి. పుల్లెల గోపీచంద్ సంగతి తెలుగువారందరికీ తెలుసు. 1994లో మోకాలి బంధనం తెగి, శస్త్రచికిత్సల పాలై, 1996 నుంచి వరుసగా జాతీయ విజేత అయి, 2001 మార్చిలో బర్మింగ్‌హామ్‌లో చైనా క్రీడాకారుడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6 తేడాతో ఓడించి ఆల్ ఇంగ్లండ్ టైటిలు తెచ్చాడు. గొప్ప కథ. కాని అందులో నరాలు బ్రతికే ఉన్నాయి. ఆజ్ఞ అందుతూనే ఉంది. కాలు పనిచేయగలదు, దానిని మళ్ళీ పనిలో పెట్టాలి, అంతే.

నరమే దెబ్బతింటే లెక్క వేరు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆక్స్‌ఫర్డులో గాయపడిన సైనికుల నరాలను పరీక్షించిన హెర్బర్ట్ సెడన్ అనే శస్త్రవైద్యుడు, 1943లో ఈ గాయాలను మూడు తరగతులుగా విభజించాడు. మొదటిదానిలో నరం నొక్కుకుపోయి కొంతకాలం మూగపోతుంది. వారాలలోనో, కొద్ది నెలలలోనో తనంత తానే పలుకుతుంది. రెండవదానిలో లోపలి తీగ తెగుతుంది, పైతొడుగు మిగులుతుంది. ఆ తొడుగే దారిగా తీగ మళ్ళీ పెరుగుతూ వస్తుంది. మూడవదానిలో తీగా తొడుగూ రెండూ తెగుతాయి. శస్త్రవైద్యుడు కలిపి కుడితే తప్ప దిక్కులేదు. ఇప్పటికీ వైద్యులు వాడుతున్న విభజన ఇదే. తెగిన తీగ పెరిగే వేగం సుమారుగా రోజుకు ఒక మిల్లీమీటరు. వడ్లగింజ పొడవు నడవడానికి దానికి వారం రోజులు చాలవు.

ఈ లెక్క నాకు పుస్తకంలో తరువాత దొరికింది గాని, దాని అనుభవం ముందే కలిగింది. నేను పనిచేసిన ఒక పాఠశాలలో తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు ఖోఖోలో మెరుపు. జ్వరమొస్తే ఎవరో పిరుదుకు పొడిచిన సూది తప్పుచోట దిగి, పాదం పైకి లేవడం మానుకుంది. నడిస్తే చెప్పు జారి నేలకు రాసుకునేది. మెట్టు ఎక్కితే బొటనవ్రేలు తట్టుకునేది. పిరుదు నుంచి పిక్క దాకా ఆ వయసు పిల్లవాడికి రెండడుగులనుకుందాం. 600 మిల్లీమీటర్లు. రోజుకొకటి చొప్పున దాదాపు 20 నెలలు. అంతకాలం ఆజ్ఞ అందని కండ సన్నబడుతూ పోతుంది. మరీ ఆలస్యమైతే నరం వచ్చి తలుపు తట్టినా లోపల పలికేవారుండరు. ఈలోగా మడమ బిగుసుకుపోకుండా పాదాన్ని రోజూ వంచి చాచాలి, పాదం వ్రాలకుండా పట్టీ కట్టాలి. ఆ ఇంట్లో తల్లి చెరకు నరికే కూలికి పోయేది. వానికి పాదం కొంత వచ్చింది, పరుగు రాలేదు. పదవ తరగతిలో ఖోఖో ఆటలకు వాడే లెక్కలు వ్రాసేవాడు, ఈల వేసేవాడు. ఒక్కనాడు కూడ తప్పు లెక్క వేయలేదు.

వెన్నుపాములో తెగిన తీగలకు ఈ రోజుకో మిల్లీమీటరు భాగ్యమైనా లేదు. చేతికాళ్ళ నరాలకున్న పునరుజ్జీవనశక్తి వెన్నుపాముకు లేదు. గాయం చుట్టూ ఏర్పడే మచ్చకణజాలం, అక్కడి పరిసరాల స్వభావం తీగను పెరగనీయవు. అందుచేత ఒకప్పుడు వెన్ను విరిగిన సైనికుణ్ణి బ్రతికే శవం క్రిందనే జమకట్టేవారు. చంపేది గాయం కాదు. పడకపుండ్లు, మూత్రకోశంలో చేరిన విషం.

ఆ లెక్కను మార్చినవాడు లుడ్విగ్ గుట్మన్. 1917లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జర్మనీలో బొగ్గుగని కార్మికుల ఆసుపత్రిలో పరిచారకుడుగా ఉండగా, వెన్ను విరిగిన ఒక యువ కార్మికుణ్ణి చూశాడు. కొద్ది వారాలలో పోయేవాడి గురించి వ్రాసుకోనక్కరలేదన్నారు అక్కడివారు. ఐదు వారాలకు అతడు పోయాడు. గుట్మన్ తరువాత పేరుమోసిన నరాల వైద్యుడయ్యాడు, యూదుడైనందున నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో ఇంగ్లండు చేరాడు. అక్కడ 1944 ఫిబ్రవరి 1న స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము గాయాల విభాగం తెరిచాడు. రాత్రింబవళ్ళు రెండేసి గంటలకొకసారి రోగిని ప్రక్కకు తిప్పించడం అతడి మొదటి ఔషధం. రెండవ ఔషధం ఆట. 1948 జూలై 29న, లండను ఒలింపిక్సు ఆరంభమైననాడే, ఆసుపత్రి ఆవరణలో చక్రాల కుర్చీలలో కూర్చున్న 16 మందితో విలువిద్య పోటీ పెట్టించాడు. ఆ పదహారుగురి పోటీ ఏటేటా పెరిగి, తరువాత పారాలింపిక్సు అయింది.

ఇక్కడ రోము నగరం సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. 1960 సెప్టెంబరులో అక్కడి ఒలింపిక్సులో విల్మా రుడాల్ఫ్ 100 మీటర్లు, 200 మీటర్లు, రిలే పరుగులలో మూడు స్వర్ణాలు గెలిచింది. చిన్ననాట పోలియో వచ్చి ఎడమకాలు చచ్చుబడిన అమ్మాయి. పోలియో క్రిమి వెన్నుపాములోని చలననాడీకణాలను చంపుతుంది. అయితే మిగిలిన కణాలు కొత్త కొమ్మలు చాచి, దిక్కులేని కండతంతువులను దత్తత తీసుకోగలవు. ఆ దత్తత ఫలించేందుకు తల్లి ఆమెను 50 మైళ్ళ దూరంలోని నాష్‌విల్‌కు, నల్లజాతివారిని చేర్చుకునే ఆసుపత్రికి, వారం వారం బస్సులో తీసుకుపోయేది. ఇంట్లో అక్కలూ అన్నలూ వంతులు వేసుకుని కాలు పిసికేవారు. ఆ పరుగుల ముచ్చట చల్లారకముందే, అదే సెప్టెంబరు 18న, అదే రోములో, 23 దేశాల నుంచి సుమారు 400 మంది చక్రాల కుర్చీలలో వచ్చి పోటీపడ్డారు. మొదటి పారాలింపిక్సు అని నేడు లెక్కించేది దానినే.

ఒకే నెలలో, ఒకే నగరంలో, రెండు రకాల కోలుకోవడాలు. విల్మాకు కాలు తిరిగివచ్చింది. ఆ 400 మందికి కాలు రాలేదు, మనిషి తిరిగివచ్చాడు. మన పాఠ్యపుస్తకాలూ, ఉపన్యాసకులూ మొదటిదాన్ని వందసార్లు చెప్పారు, రెండవదాన్ని చెప్పలేదు. పల్స్ పోలియో ఆదివారాల్లో చుక్కలమందు వేయించడానికి మా ఉపాధ్యాయులు గడపగడపకు తిరిగారు. దేశంలో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో పోలియోరహిత ప్రాంతమన్న ధ్రువపత్రమూ వచ్చింది. అంతకు ముందే పోలియో సోకి, నేడు మధ్యవయసులో ఉన్నవారికి మనం చెప్పగల కథ ఏది? విల్మా కథ వారిని ఓదార్చదు సరికదా, నీ ప్రయత్నం చాలలేదని నిష్ఠూరమాడినట్టుంటుంది. వారికి కావలసిన కథ పేట్కర్‌ది.

1944లో పుట్టిన పేట్కర్, చిన్నవయసులోనే సైన్యంలో చేరి ఇ.ఎం.ఇ. దళంలో క్రాఫ్ట్స్‌మన్ అయ్యాడు. ఫిరంగి బండి మొదలు రేడియో వరకు సైన్యపు సామగ్రిని మరమ్మతు చేసే దళమది. సికింద్రాబాదులో ఆ దళానికి పెద్ద శిక్షణకేంద్రం ఉన్న సంగతి తిరుమలగిరి వైపు వెళ్ళినవారికి తెలిసే ఉంటుంది. 1964లో టోక్యోలో జరిగిన అంతర్జాతీయ సైనికక్రీడలలో బాక్సింగుకు భారతజట్టులో వెళ్ళాడు. బాక్సరుకు పిడికిలి ఎంతో పాదమూ అంత. దెబ్బ బలం నేల నుంచి పుడుతుంది, మడమ తిప్పితే నడుము తిరుగుతుంది, నడుము తిరిగితే భుజం దూసుకుపోతుంది. ఎదుటివాని దెబ్బ తప్పించుకునేదీ కాళ్ళతోనే. ఆయన అప్పటి వరకు కూడబెట్టుకున్న విద్యలో సగపాలు కాళ్ళలోనే ఉంది.

1965లో పాకిస్థానుతో యుద్ధం. సియాల్‌కోట్ రంగంలో ఆయన ఒంటి నిండా తూటాలు దిగాయి. ఒకటి వెన్నులో నిలిచిపోయింది, తీసివేయడం సాధ్యపడలేదు. నడుము క్రిందిభాగం చచ్చుబడింది. ముంబయిలోని నావికాదళ ఆసుపత్రి ఐ.ఎన్.హెచ్.ఎస్. అశ్వినిలో చికిత్సలో భాగంగా ఈత మొదలుపెట్టించారు. గుట్మన్ చెప్పిన రెండవ ఔషధం ఆ విధంగా మన దేశపు రోగికి అందింది.

నీటిలో దింపడంలోని యుక్తి ఏమిటంటే, నేల మీద కాళ్ళు మోయవలసిన బరువును నీరు మోస్తుంది. అయితే పందెపు ఈతలో ఆ కాళ్ళే భారమౌతాయి. ఆరోగ్యవంతుని కాళ్ళు తన్నుతూ తుంటిని పైకి ఎత్తిపట్టుకుంటాయి, అందుచేత దేహం నీటి మీద సమంగా సాగుతుంది. చచ్చుబడ్డ కాళ్ళు క్రిందికి వ్రేలాడి, లంగరు వలె వెనక్కు లాగుతాయి. ఆ లాగుడునంతా భుజాలూ వీపూ భరించి, పైగా ముందుకు పోవాలి. బాక్సింగులో పెంచిన భుజాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. కాళ్ళలోని విద్య పోయింది గాని భుజాలలోని విద్య మిగిలే ఉంది. కోలుకోవడమంటే పోయినదాని కోసం ఎదురుచూడడం మాని, మిగిలినదాని లెక్క చూసుకోవడమని ఆయన జీవితంలో నాకు తోచిన అర్థం.

1968 నవంబరులో ఇజ్రాయెల్‌లోని టెల్ అవీవ్‌లో జరిగిన పారాలింపిక్సుకు మన దేశం మొదటిసారి జట్టును పంపింది. అందులో పేట్కర్ టేబుల్ టెన్నిస్ ఆడాడు. వికలాంగుల కోసం పనిచేస్తున్న మాజీ క్రికెటరు విజయ్ మర్చంట్ ఈ ప్రయాణాలకు తోడ్పడ్డాడు. 1970లో ఎడిన్‌బరోలో కామన్వెల్తు దేశాల పక్షవాత క్రీడాకారుల పోటీలలో 50 మీటర్ల ఈతలో స్వర్ణం, జావెలిన్‌లో రజతం, షాట్‌పుట్‌లో కాంస్యం. ఈటె విసరడం, గుండు విసరడం కూర్చునే సుమా.

తరువాత 1972. ఆ యేడు ఒలింపిక్సు మ్యూనిక్‌లో. పారాలింపిక్సు కూడ అక్కడే జరగవలసింది గాని, క్రీడాకారుల కోసం కట్టిన గదులు పోటీలు ముగియగానే నివాసగృహాలుగా అప్పగించాలనడంతో హైడెల్‌బర్గ్‌కు మారింది. చక్రాల కుర్చీలకు అనువైన చోటు దొరకకపోవడమన్నది ఒలింపిక్ నగరంలోనే మొదలైందన్నమాట. ఆగస్టు మొదటి పక్షంలో, నలభైకి పైగా దేశాల మధ్య, పేట్కర్ 50 మీటర్ల ఫ్రీస్టయిల్‌ను 37.33 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. తన తరగతిలో అది ప్రపంచరికార్డు. మరి కొన్ని వారాలకు మ్యూనిక్‌లో మార్క్ స్పిట్జ్ 100 మీటర్లను 51.22 సెకన్లలో ఈదాడు. ఈ రెండు అంకెలనూ ప్రక్కప్రక్కన పెట్టి చూడమని కోరుతున్నాను. స్పిట్జ్‌కు తన్నే కాళ్ళున్నాయి. ఈయనకు వ్రేలాడే కాళ్ళు, వెన్నులో సీసం.

అదే మ్యూనిక్‌లో మన హాకీ జట్టు కాంస్యంతో తిరిగివచ్చింది. దేశమంతా విచారించింది, చర్చించింది, తప్పెవరిదని తగవులాడింది. స్వర్ణం తెచ్చినవాణ్ణి గురించి తగవులాడడానికి కూడ ఎవరికీ తీరిక లేకపోయింది. పేట్కర్ పూనాలో టెల్కో కర్మాగారంలో ఉద్యోగం చేసుకున్నాడు. 1982లో అర్జున పురస్కారం కోసం పెట్టుకున్న అర్జీ తిరస్కారానికి గురైంది. ఆయన జిల్లాకు పొరుగుననే, సాతారా జిల్లాలో, మరొకాయన ఉండేవాడు. స్వతంత్ర భారతానికి ఒలింపిక్సులో తొలి వ్యక్తిగత పతకం, 1952 హెల్సింకీలో కుస్తీ కాంస్యం తెచ్చిన ఖాశాబా జాదవ్. ఆయనకు అర్జున పురస్కారం మరణానంతరమే దక్కింది. ఆ నేలకు పతకాలు పుట్టించడం తెలుసు, ఢిల్లీకి వినిపించేలా అరవడం తెలియదు కాబోలు.

2018లో పేట్కర్‌కు పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో కబీర్ ఖాన్ దర్శకత్వంలో 'చందూ ఛాంపియన్' అనే హిందీ చలనచిత్రం వచ్చింది. సినిమా కనుక కల్పనపాళ్ళు ఉండనే ఉంటాయి. అయినా అర్ధశతాబ్దం పాటు పత్రికలు చేయని పని రెండున్నర గంటల్లో అది చేసింది, ఆ మేరకు ధన్యవాదాలు. ఈ మధ్యకాలంలో వికలాంగులను దివ్యాంగులనడం వాడుక అయింది. సంధి చక్కగానే కుదిరింది. హైడెల్‌బర్గ్ విజేతకు దివ్యమైన పేరు కన్నా, 1982లో అర్జీని చదివే మనిషి ఒకడుండడం ఎక్కువ పనికివచ్చేదని మాత్రం నాకనిపిస్తుంది.

2025 జనవరి 17న రాష్ట్రపతి భవనంలో 2024 సంవత్సరపు జాతీయ క్రీడాపురస్కారాలు ఇచ్చారు. పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన మన వరంగల్లు జిల్లా కల్లెడ అమ్మాయి జీవాంజి దీప్తికి, విశాఖపట్నం హర్డిల్స్ క్రీడాకారిణి జ్యోతి యర్రాజీకి ఆ రోజు అర్జున పురస్కారాలు దక్కాయి. ఎనభయ్యేళ్ళు నిండిన పేట్కర్‌కు కూడ ఆ జాబితాలోనే జీవితసాఫల్యం క్రింద అర్జున వచ్చింది. ఆ అమ్మాయిల గురించి తెలుగు పత్రికలు ఉదారంగానే వ్రాశాయి, సంతోషం. పేట్కర్ పేరు మాత్రం వరుసలో ఒకటిగా వచ్చిపోయింది. సికింద్రాబాదు ఊసు నా కంటబడలేదు.

1960ల నాటి సికింద్రాబాదు కంటోన్మెంటులో పనిచేసిన పెద్దలు, వారి పిల్లలు ఈ జాలంలో చదువరులుగా ఉండే ఉంటారు. ఇ.ఎం.ఇ. బాక్సింగు జట్టు గురించి, ఆ బరుల గురించి, సాయంత్రపు పోటీల గురించి ఇంట్లో విన్న ముచ్చటలేమైనా గుర్తుంటే ఈ టపా క్రింద వ్రాయవలసిందిగా ప్రార్థన. ఫోటో ఉంటే మరీ మంచిది.